ముందు దిగినవాడు

పోలీసు యాక్షనుకు కొద్ది రోజుల ముందు, చంటిదాన్ని ఒళ్లో పెట్టుకుని కోదాడ నుంచి సూర్యాపేటకు బస్సులో వస్తున్నాను. నా సీటు తలుపు పక్కనే. ఎదురుగా పటాలం నుంచి వచ్చినతను కూర్చున్నాడు. మాటల మధ్య, సూర్యాపేటలో అందరూ దిగినాకనే తను దిగుతానన్నాడు.

“ఎందుకు తమ్మీ?” అన్నాను.

“బర్మా లడాయిల మమ్ముల విమానంలకెల్లి గొడుగుల్లాంటివి కట్టి దింపిండ్రు అక్కా. ముందు దిగినోళ్లు నేల తాకకముందే సచ్చిపోయిండ్రు. గప్పటిసంది ముందు దిగాలంటే నాకు కాళ్లు రావు.”

కాసేపటికే బస్సు ఆగింది. బయట తుపాకుల మనుషులు.

“దిగుండ్రి” అని కేక వేశారు. ఎవరూ కదల్లేదు. తలుపు దగ్గరున్నది నేనే. రామా రామా అనుకుంటూ, బిడ్డను అదుముకుని లేచాను.

“నువ్వు కూసో అక్కా,” అని అతను నన్ను దాటి, చేతులు పైకెత్తి దిగాడు.

వాళ్లు అతని మూట విప్పి చూసి, ఏవేవో అడిగి, ఆఖరికి బస్సును పోనిచ్చారు. తిరిగి ఎక్కేసరికి అతని చొక్కా చెమటతో తడిసిపోయింది.

“కాళ్లకు నేల తగిలిందక్కా,” అన్నాడు.

సూర్యాపేటలో మాత్రం అందరూ దిగినాకనే దిగాడు. పేరు అడగలేదు నేను. ఇప్పటికీ దీపం పెట్టినప్పుడు, ముందు దిగినవాళ్లందరికీ అని ఒక దండం పెట్టుకుంటాను.