ఏగనీ మాస్టారు

వీధిలో అందరూ ఆయన్ని ఎదురుగా డిక్షనరీ మాస్టారు అంటారు. చాటున నొప్పుల మాస్టారు అంటారు, అదే ఆయనకు తగ్గ పేరు. రిటైరయ్యాక ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు రాయడానికి కూర్చున్నారు. రాయమని ఎవరు బతిమాలారో దేవుడికే తెలియాలి. పైగా ఆయనదో పద్ధతి: బాధకు సంబంధించిన ఏ మాటనైనా మనుషుల మీద సరిచూడాల్సిందే. కాలు బెణికి కుంటుతున్నవాణ్ణి నడివీధిలో ఆపి, "సలుపా, పోటా, తీపా?" అని ఆరా తీస్తారు. మందు వేసుకున్నావా అని అడిగిన పాపాన పోలేదు.

ఆ ఉదయం 'ఏగనీ' (agony) అనే ఇంగ్లీషు మాట దగ్గర కలం ఆగింది. వంటింట్లోంచి భార్య గోడ పట్టుకుని వచ్చింది.

"ఏవండీ, కడుపులో మెలిపెట్టేస్తోంది. ఆస్పత్రికి వెళ్దామా?"

మాస్టారి మొహం వెలిగిపోయింది. సిగ్గులేని మొహం!

"మెలిపెట్టడమా? కూర్చో, కూర్చో. ఈ మాట గ్రీకుల దగ్గర పుట్టింది తెలుసా? పోటీలు చూడ్డానికి జనం చేరేవాళ్ళు, ఆ పోటీలో పెనుగులాట, దాన్నుంచి మనసులో ఆరాటం. ఇంగ్లీషులోకొచ్చాక మనోవేదన, చావుబాధ, చివరికి ఒంటి యాతన. ఇంతకీ నీది యాతనా, వేదనా?"

ఆవిడ గోడ పట్టుకునే లోపలికి వెళ్ళి పడుకుంది. కాసేపటికి మళ్ళీ పిలిచింది. "ఒక్క మాట తేలనీ, వస్తున్నా" అన్నారు మాస్టారు. ఆ ఒక్క మాట మర్నాటిదాకా తేలలేదు.

మర్నాడు కుట్టిన బట్టలివ్వడానికి వచ్చిన పక్కింటి టైలరమ్మ, మంచం మీద ముడుచుకుపోయి జ్వరంతో కాలిపోతున్న మనిషిని చూసి గావుకేక పెట్టింది. తనే ఆటో పిలిచింది. మాస్టారు చెప్పులు వెతుక్కుని వెనకాల ఎక్కారు.

డాక్టరమ్మ పొట్ట నొక్కి చూసి, మాస్టారి వైపు తిరిగింది. "నొప్పి ఎప్పట్నుంచి?"

మాస్టారు భార్య వైపు చూశారు. మాట ఎప్పుడు పుట్టిందో అడిగితే గుక్క తిప్పుకోకుండా చెప్పేవారే.

"నిన్న పొద్దున్నుంచండీ," అంది భార్య మంచం మీంచి. "అప్పుడే చెప్పాను."

"అపెండిక్స్ పగిలినట్టుంది. నిన్ననే తేవాల్సింది కదండీ! వెంటనే ఆపరేషన్ చెయ్యాలి. బతికించడానికే చూస్తాం," అని డాక్టరమ్మ విసురుగా వెళ్ళిపోయింది.

"ఆపరేషన్ గది దాకా తోడెవరొస్తారు?" అంది నర్సు. మాస్టారు గబగబా ముందుకొచ్చారు.

భార్య టైలరమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఈవిడ వస్తుందమ్మా. ఆయన్ని ఇంటికి పంపించండి, రాసుకోవాలి."