కెమెరాకు తొడిగిన ఇంగువ డబ్బా మూత

మూడు రోజుల్లో మా ఇంట్లో పోయిన మూతలు పదకొండు. నీళ్ల సీసాలవి నాలుగు, మందు సీసాలవి రెండు, తలనొప్పి బాంది ఒకటి, ఊరగాయ జాడీది ఒకటి, పౌడరు డబ్బాది ఒకటి, కుంకుమ భరిణెది ఒకటి, మా అత్త ఇంగువ డబ్బాది ఒకటి. మొదటి పదింటి సంగతి ఎట్లాగో సర్దుకుంది. పదకొండోది సర్దుకోలేదు.

ఇదంతా మా బామ్మర్ది కారు కోసం. బట్టల అంగట్లో పని మానుకొని కారు కొన్నాడు. ఐదు నెలలు ప్రొద్దుటూరులో ఊరికే నిలబెట్టుకున్నాక, తుమ్మలపల్లె గనికి ఉద్యోగుల్ని తీసుకుపోయే బాడుగ ఒకటి దొరికేలా కనిపించింది. ఇక్కడ ఇద్దర్ని, జమ్మలమడుగులో ముగ్గుర్ని ఎక్కించుకొని పులివెందుల మీదుగా రోజూ పోయి రావాలి. షరతు ఒకటే. కారులో కెమెరా ఉండాలి, అందులో ముందు బండి నంబరు చదవడానికి రావాలి.

పులివెందులలో బండ్లు పరీక్షించే మనిషి వీడియో చూసి ఉలిక్కిపడ్డాడు.

"ఏందప్పా ఇది? రోడ్డు మీద ఇనాయకుడు పోతాండాడే!"

"అది అద్దంలో నీడ సార్," అన్నాడు బామ్మర్ది.

"నీడో దేవుడో, లారీ నంబరు యాడ? లారీ మొత్తం ఆయన బొజ్జలో ఉండాది."

సోమవారానికి సరిచేసుకొని రాకుంటే ఇంకో బండి చూసుకుంటానన్నాడు. ఆ రోజు శుక్రవారం.

కారణం తెలిసిందే. స్టీరింగు ముందు తెల్ల లేసు గుడ్డ, దాని మీద తెల్లరాతి వినాయకుడు, పక్కన గోలీకాయల్లా ఎండిపోయిన రెండు నిమ్మకాయలు. ఎండ పడితే అవన్నీ ముందద్దంలో కనిపిస్తాయి. స్వామిని కాస్త ఇంట్లో పెడితే సరిపోతుంది గదా అన్నాను.

మా అత్త బియ్యం చెరగడం ఆపింది. "ఏడాది నిండేదాంక స్వామిని గానీ, ఆయన గుడ్డను గానీ, ఆయన నిమ్మకాయల్ని గానీ కదిలించనని మొక్కుకున్నా. నీ లెక్కలు కారుకు చెప్పుకో అల్లుడా, దేవునికి చెప్పొద్దు."

ఏడాదికి ఇంకా ఏడు నెలలుంది.

నేను పదో తరగతి తప్పినవాణ్ణి. లెక్కలు మాత్రం నాకు నేనే నేర్చుకున్నాను. తెలిసిన ఫోటో స్టూడియో ఆయన పాత కెమెరాకు వాడే ఫిల్టరు ఒకటి ఇచ్చాడు. తిప్పుతూ పోతే ఒక చోట అద్దం మీది మెరుపు మాయమవుతుంది. దాని అడ్డుకొలత ముప్పైతొమ్మిది మిల్లీమీటర్లు. కారు కెమెరా కన్నుది పద్దెనిమిది. ఈ రెంటినీ కలిపే రింగు తెప్పించాలంటే వారం పడుతుంది. అందుకని ఇంట్లోని మూతలన్నిటికీ దారం చుట్టి, ఆ పొడవును ఇరవైరెండు బై ఏడుతో భాగించడం మొదలుపెట్టాను.

బాం మూత చిన్నది. ఊరగాయ మూత పెద్దది, గుడ్డ చుట్టి బిగిస్తే కెమెరా తలపాగా పెట్టుకున్న పెళ్లిపెద్దలా కనిపించింది. పౌడరు డబ్బా మూత సరిపోయింది గానీ ప్లాస్టిక్కు. ఆదివారం మధ్యాహ్నం జమ్మలమడుగు దారిలో ఎండకు మెత్తబడి ఊడిపోయింది.

"బావా, కన్ను రాలి ఒళ్లో పడింది!" అని బామ్మర్ది కారును రోడ్డు అంచున ఆపేశాడు.

ఇక రేకు మూత కావాలి. ఇంట్లో ఉన్న రేకు డబ్బా ఒక్కటే, మా అత్త ఇంగువది. మూత కొలిచాను. ముప్పైతొమ్మిదిన్నర! ఆ అరకు దారం చుడితే చాలు.

"అరువుకేనప్పా," అంది మా అత్త. "ఎట్లిచ్చినానో అట్లే తెచ్చియ్యాల."

అట్లే తెస్తానన్నాను. కెమెరా కన్ను బయటికి చూడాలంటే మూతకు నడుమ రంధ్రం పెట్టాలన్న సంగతి ఆ మాట అన్నాక గుర్తొచ్చింది.

సోమవారం పులివెందులలో ఆ మనిషి కారులోకి తల పెట్టి ముక్కు ఎగబీల్చాడు.

"ఏందప్పా, లోపల పులిహోర ఉండాదా?"

"లేదు సార్, కెమెరా వాసన."

వీడియో పెట్టాము. తొండూరు దగ్గర మా ముందు పోయిన లారీ నంబరు అంకె అంకె కనిపించింది.

"మరి ఇనాయకుడు యాడికి పోయినాడు?"

"ఆడనే ఉండాడు సార్. కెమెరాకు కనపడడంతే."

బాడుగ దొరికింది. ఇంట్లో తినే వచ్చినా తొండూరు దాటేసరికి మళ్లీ ఆకలేస్తోందని కారెక్కిన ఐదుగురూ వారమంతా గొణిగారు. తర్వాత అలవాటు పడ్డారు.

ఏడు నెలలూ మా అత్త ఇంగువ డబ్బా మీద గ్లాసు బోర్లించుకుంది. సోమవారం సోమవారం అడిగింది. "మూత యాడ అల్లుడా?" కారులో ఉంది అత్తా, దాన్ని పీకితే నీ కొడుకు బాడుగ పోతుంది అనేవాణ్ణి. అప్పటికి ఊరుకునేది.

ఏడాది నిండింది. తానే టెంకాయ కొట్టి, స్వామిని, గుడ్డను, నిమ్మకాయల్ని ఇంట్లోకి తెచ్చుకుంది. అద్దం శుభ్రంగా అయింది, ఫిల్టరుతో పని తీరింది. నేను మూత ఊడదీసి, బంక గీకి, చింతపండుతో తోమి ఆమె చేతిలో పెట్టాను.

మా అత్త దాన్ని కంటికి ఆనించుకొని రంధ్రంలోంచి నన్ను చూసింది.

"అంచు తెచ్చినావు. నడుమది యాడ?"

కొత్త డబ్బా కొనిస్తానన్నాను. వద్దంది. ఎట్లిచ్చానో అట్లే అంది. మాట నాదే. మిద్దె మీద కోసిన బిళ్ల కోసం అక్కడంతా ఊడ్చి వెతికాను, దొరకలేదు. రంధ్రం అడ్డుకొలత పద్దెనిమిది, అందులో సగం తొమ్మిది. తొమ్మిది తొమ్మిదులు ఎనభైయొకటి, దాన్ని ఇరవైరెండు బై ఏడుతో హెచ్చించాను. ఈ రోజుకూ మా అత్తకు నేను బాకీ ఉన్న రేకు రెండువందల యాభైనాలుగు చదరపు మిల్లీమీటర్లు, పైన ఏడింట నాలుగు వంతులు.