మా యారాలి వంతులో నా కోతలు

మా ఊరు అత్వెల్లిలో నా కోతలకు పేరుంది. బోరు వేస్తే నీళ్లకు బదులు మజ్జిగ పడిందని చెప్పి, ఇద్దరిని చెంబులతో పరుగెత్తించిన మనిషిని. ఇది మాత్రం కోత కాదు. చెప్పడానికి సిగ్గుగా ఉంది కాబట్టే నమ్మండి.

నిరుడు వానాకాలంలో మనస్తత్వ శాస్త్రంలో పరిశోధన చేసే ఒక అమ్మాయి మా మహిళా సంఘానికి వచ్చింది. పొలాలు ప్లాట్లయ్యాక చేతిలో పని పోయిన ఆడవాళ్ల మనసు ఎలా ఉంటోంది, దిగులు తగ్గడానికి ఏది పనికొస్తుంది అన్నది ఆమె చదువు. ప్రశ్నలు అడిగి, ఎక్కువ ఇబ్బంది పడుతున్న పదిమందిని ఎంచుకుని వారం వారం మాట్లాడతానంది. మా ఊరికి కాగితం పట్టుకుని వచ్చేవాళ్లంతా పింఛనుకో ఇంటికో రాసుకునేవాళ్లే. కష్టం ఎంత పెద్దగా చెబితే పేరు అంత ముందుకొస్తుంది. ఇదీ అలాంటిదే అనుకున్నాను. ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి అడుగుతానని ఆమె అంటే, మాకు దాపరికం ఏముందని, అందరి మధ్యే అడగమని పట్టుబట్టిందీ నేనే.

నా పక్కన మా యారాలు, అంటే మా ఆయన అన్న భార్య, కూర్చుంది. ఆమెను నేను అక్కా అని పిలుస్తాను. మేపే జాగా లేక ఆ ఎండాకాలమే వాళ్లు ఆరు బర్రెలనూ అమ్మేశారు. నిద్ర సరిగ్గా పడుతోందా అని అమ్మాయి అడిగింది. "బర్లు పోయినకాన్నుంచి..." అని అక్క మొదలుపెట్టింది. నేను ఊరుకోలేదు. నాకైతే కన్ను మూతపడదని, హైవే మీద లారీలను హారన్ బట్టి గుర్తుపడతానని, ఒక డ్రైవరైతే రోజూ హారన్ కొట్టి నా క్షేమం కనుక్కుంటాడని అందుకున్నాను. అందరూ కడుపు పట్టుకుని నవ్వారు. అక్క కూడా నవ్వింది. తర్వాత ఏం అడిగినా మంచిగనే ఉన్నానంది.

పదిమందిలో నా పేరు వచ్చింది. ఆమెది రాలేదు.

పంచాయతీ హాల్లో కూర్చునేవాళ్లం. చాయ్, బిస్కెట్లు. మనసు బాగయ్యాక పని చేద్దామని ఆగితే ఆగుతూనే ఉంటామని, ఒకప్పుడు ఇష్టమైన చిన్న పని ముందు మొదలుపెడితే మనసు మెల్లగా వెంట వస్తుందని, ఎందరినో గమనించి తెలుసుకున్న మాట ఇదని ఆ అమ్మాయి చెప్పేది. మాలో ఒకావిడ మూడో వారానికి మూలన పడేసిన కుట్టుమిషన్ దుమ్ము దులిపింది. నేను మాత్రం ఆమె వారం వారం ఇచ్చే కాగితంలో చేయని పనులన్నీ చేసినట్టు రాసిచ్చేదాన్ని.

నాలుగో వారం చింతపండు కోసం అక్క ఇంటికి వెళ్లాను. పదిగంటలైనా వాకిలి ఊడ్చలేదు. ఖాళీ కొట్టంలో, కుడితి గోలెం పక్కన కూర్చుని ఉంది.

"గాడ ఏం జెప్తుండ్రు చెల్లె?"

బిస్కెట్ల మీద ఏదో కోత ఎత్తుకున్నాను. ఆమె నవ్వలేదు.

"నాకు పొద్దుగాల లేవబుద్ధి అయితలేదు. గా దినం జెప్దామనుకున్న. నువ్వు లారీల ముచ్చట దీసినవ్. గంత నవ్వులల్ల ఇగ నా ఏడ్పు ఏం జెప్పాలె?"

చింతపండు అడగకుండానే వచ్చేశాను. ఆ మధ్యాహ్నమే అమ్మాయికి ఫోన్ చేసి ఉన్నదంతా చెప్పాను. తిడితే బాగుండేది. తిట్టలేదు.

"ఆంటీ, మీరు రాసింది నమ్మి లెక్క వేస్తే, రేపు ఇంకో ఊళ్లో నిజంగా బాధపడే మనిషికి నేను తప్పు సలహా ఇస్తాను," అంది.

నా కాగితాలు పక్కన పెట్టేస్తానంది. మధ్యలో కొత్తవాళ్లను చేర్చుకోవడం కుదరదు గానీ, అక్క ఒప్పుకుంటే ఇంటికొచ్చి వింటానని, అవసరమైతే డాక్టరు దగ్గరికి తనే తీసుకెళ్తానని చెప్పింది.

సాయంత్రం మళ్లీ అక్క దగ్గరికి వెళ్లాను. "అక్కా, నీ జాగల నేను కూసున్న. నాకు ఏ దిగుల్లేదు. అన్ని అబద్ధాలే రాసిన."

"నువ్వు అబద్ధాలు జెప్తవని ఊరంత ఎర్కనే," అంది. తర్వాత ఆ పిల్లను రమ్మనమంది.

రెండు రోజులకు ఆ అమ్మాయి వచ్చింది. నేను అలవాటు చొప్పున గడపలో కూర్చున్నాను.

"నువ్వు బయటికి పో చెల్లె," అంది అక్క. "నువ్వుంటే నేను నవ్వి ఊకుంట."

బయటికి వచ్చాను. వెనక తలుపు వేసిన చప్పుడైంది. పక్కింటి ఆడవాళ్లు చేరి, లోపల ఏం నడుస్తోందని అడిగారు. నాకు తెలియదన్నాను. ఒక్కరూ నమ్మలేదు. చీరలు సర్దుకుని అరుగు మీద కూర్చున్నారు, నేను ఇక మొదలుపెడతానని.