బెల్లం పెనం దగ్గర సూర్యుడు

పందొమ్మిది వందల యాభైల చివర్లో చోడవరం హైస్కూల్లో సైన్సు మేష్టరుగా చేరిన కొత్తలో, నాకు తెలియనిది లేదనుకునేవాణ్ణి. ఓ ఆదివారం మా మేనమామ బెల్లం పెనం దగ్గర కూర్చుని, పేపర్లో చదివిన వింత చెప్పాను. సూర్యుడిలో ఉండే వేడిని భూమ్మీదే పుట్టిస్తారట. ఏ పాత్రా ఆ వేడికి ఆగదు గనక, అయస్కాంతాలతో పట్టి మధ్యలో నిలబెడతారట.

మావయ్య చెరుకురసం మీంచి మడ్డి తీస్తూనే విన్నాడు. ఇంతలో రసం సుడులు తిరిగి అంచుదాకా పొంగింది. రెండు ఆముదం చుక్కలు విదిలించాడు. పొంగు అణిగింది.

"మరి అది పొంగితే ఏటి సేత్తార్రా? సుట్టూ గోడుంటాది కదా, దానికి తగిలి మసి రాలితే ఎలా తీత్తారు?"

"అయస్కాంతం పట్టుకున్నాక పొంగెక్కడిది, మడ్డెక్కడిది మావా!" అని పగలబడి నవ్వాను.

"మడ్డుంటే ఎంత మంటెట్టినా పాకం రాదురా," అని, అరిటాకు ముక్కలో వేడి బెల్లం పెట్టి ఇచ్చాడు. ఆ బంగారు రంగు మళ్లీ ఎక్కడా చూడలేదు.

రిటైరయ్యాక ఓ పత్రికలో చదివాను. ప్లాస్మా అనే ఆ మండే వాయువు సుడులు తిరిగి అయస్కాంతాల పట్టు తప్పించుకుంటోందట. గోడ నుంచి రాలిన మలినాలు దాని వేడిని తినేస్తున్నాయట. శాస్త్రవేత్తలు ఇన్నేళ్లుగా తంటాలు పడుతున్నది వాటితోనే.

ప్రశ్నలడగండర్రా అని ముప్ఫయ్యేళ్లు పిల్లల ప్రాణం తీసినవాణ్ణి. అసలు ప్రశ్న అడిగిన మనిషిని చూసి నవ్వాను.