దేవుడి గదిలో జాలీ

రాష్ట్రం వేరుపడిన కొత్తల్లో నన్ను ఖమ్మానికి ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరుగా వేశారు. నా పరిధి ముదిగొండ రైస్ మిల్లుల దగ్గర మొదలై, మణుగూరు అడవుల్లో ఫోను సిగ్నల్ పోయేదాకా ఉండేది. మేం తనిఖీకి వస్తున్నామన్న కబురు మాత్రం సిగ్నల్ లేకపోయినా మాకంటే ముందే చేరేది.

మణుగూరు దారిలో ఒక మిల్లు. యజమాని నర్సయ్య. చట్టం భాషలో ఆయన 'ఆక్యుపయర్', అంటే మిల్లులో ఏం జరిగినా జవాబు చెప్పాల్సిన మనిషి. తిరిగే బెల్టుకు ఇనుప జాలీ బిగించాలన్నది మా చట్టంలో ఓనమాలు. నాకంటే ముందున్న ఇన్‌స్పెక్టరు ఆ ఓనమాలు ఆయనకు నోటీసులో దిద్దించి వెళ్ళాడు కూడా. అయినా బెల్టు దిగంబరంగానే తిరుగుతోంది. ఊడ్చే సమ్మక్క జడ అందులో చిక్కుకుంది. పక్కనున్న హమాలీ స్విచ్చి ఆపబట్టి ప్రాణం దక్కింది, జడ పోయింది.

జాలీ ఏదని అడిగితే, "ఉన్నది సార్, భద్రంగున్నది" అన్నాడు నర్సయ్య. ఎక్కడో చెప్పలేదు. బెల్టు నడపొద్దని ఉత్తర్వు ఇచ్చి, కోర్టులో కేసు వేశాను.

నర్సయ్య వకీలు గట్టివాడు. చట్టంలోనే ఉన్న ఒక సందు పట్టుకున్నాడు. యజమాని అన్ని జాగ్రత్తలూ తీసుకున్నా, తనకు తెలియకుండా ఇంకొకరు తప్పు చేశారని రుజువు చేస్తే ఆయన బయటపడతాడు, శిక్ష ఆ ఇంకొకరికి పడుతుంది. ఆ ఇంకొకరు సమ్మక్కట. ఊడ్వడానికి అడ్డమని జాలీ ఆమే విప్పిందట. నాకు ఒళ్ళు మండింది.

"జడ పాయె. ఇప్పుడు జైలుకు గూడ నేనే పోవాల్నా సారూ?" అని కోర్టు వరండాలో సమ్మక్క అడిగింది. ధైర్యం చెప్పడానికి నా దగ్గర సెక్షన్ల నంబర్లు తప్ప ఏమీ లేవు.

విచారణ రోజు నర్సయ్య తన జాగ్రత్తకు సాక్ష్యంగా ఆ జాలీనే ఆటోలో వేసుకొచ్చాడు. పసుపు, కుంకుమ బొట్లు, బంతిపూల దండ. కోర్టు అటెండరు చెప్పులు విడిచి మరీ అందుకున్నాడు.

మా ప్రభుత్వ వకీలు దాన్ని ఎగాదిగా చూసి, మీరు దీన్ని సరిగా చూసుకోలేదట కదా అన్నాడు. నర్సయ్యకు పౌరుషం వచ్చింది.

"ఎవరన్నరు సార్? నా పిల్లలను గూడ గిట్ల చూసుకోలే. ప్రతి దసరాకు ఆయుధపూజల ముందుగాల దీనికే కొబ్బరికాయ."

"పూజ అయినాక?"

"మళ్ల దేవునర్రల పెడ్త. మిల్లుల పెడితే దుమ్ము, నూనె. మైలపడదా?"

"దేవుడి గదిలోనా? మరి సమ్మక్క విప్పిందన్నారు?"

"ఆమెనా? ఆ అర్ర గడప గూడ తొక్కనియ్య సార్."

ఆయన వకీలు కళ్ళు మూసుకున్నాడు. మేజిస్ట్రేటు గారు కాగితాలు అడ్డం పెట్టుకుని చాలాసేపు దగ్గారు. తర్వాత సమ్మక్కను వదిలేసి, నర్సయ్యకు జరిమానా వేశారు. ఇదే తప్పు మళ్ళీ రుజువైతే శిక్ష పెరుగుతుందని హెచ్చరించారు.

చట్టం తెలియనివాడికి చెబితే సరిపోతుంది. నర్సయ్యకు తెలుసు, తెలిసే దండ వేశాడు. ఆ తర్వాత ఏ మిల్లుకు వెళ్ళినా, బెల్టు సంగతి అడిగే ముందు దేవుడి గది ఎటని అడిగేవాణ్ణి. యజమానులు నన్ను మహా భక్తుడనుకునేవారు.