శనివారం గరుడుడు

మొన్న శనివారం నంద్యాలలో మా మిద్దె మీద బట్టలారేస్తుంటే, ఎదుటి సెల్ టవర్ మీద వాలిన నల్లగద్ద గుర్రప్పిల్లలా సకిలించింది. తడి లుంగీ చేతిలోనే ఉండిపోయింది, మనసు మాత్రం డెబ్భైల చివరి ఆళ్ళగడ్డకు ఎగిరిపోయింది.

అక్కడి బడిలో నాకు తొలి ఉద్యోగం. అద్దెగది ఎంత చిన్నదంటే, గట్టిగా నిట్టూర్చాలన్నా తలుపు తీయాల్సిందే. పలకరించే దిక్కులేక ఆదివారాలు నాతో నేనే పులిజూదం ఆడి, అందులోనూ ఓడిపోయేవాణ్ణి. ఇల్లుగల అవ్వా నాలాగే ఒంటరి, చూపు మసక. నాకు అన్నం పెట్టేదీ ఆమే. శనివారం గరుడదర్శనం కానిదే ఆమె మెతుకు ముట్టదు గనుక, ఆకాశానికి కాపలా నా వంతయింది.

తెల్లటి మెడ, ఇటుకరంగు రెక్కల ఆ గరుడుడు కాలువగట్టు తుమ్మచెట్టు మీద పుల్లలతో గూడు కట్టుకుని, వరిమళ్ళలో ఎండ్రకాయలూ కప్పలూ ఏరుకుని, మా హెడ్మాస్టరు కంటే వేళ తప్పకుండా మిద్దె మీదుగా వెళ్ళేవాడు. నేను కేకేయగానే అవ్వ లెంపలేసుకుని విస్తర్లు పరిచేది.

వేసవిలో కాలువకు నీళ్ళు ఆపేశారు. మళ్ళు బీటలు వారాయి, గరుడుడు నీళ్ళున్నచోటికి తరలిపోయాడు. రెండు శనివారాలు అవ్వ మంచినీళ్ళతోనే పడుకుంది. నాకు వడ్డిస్తానన్నా ఆమె ఎదుట ముద్ద దిగేది కాదు. నా కడుపు అరుపులకు అహోబిలం కొండల్లో కోతులు బెదిరి ఉంటాయి. మూడో శనివారం ఆమె గోడకు చేరబడి వణుకుతుంటే చూడలేక, పైన తిరిగే నల్లగద్దను చూపించి, “వచ్చినాడవ్వా!” అనేశాను. లెంపలేసుకుంది, తిన్నది. వేసవంతా అదే నాటకం.

వానలకు కాలువ పారింది. ఒక శనివారం పిల్లికూన ఏడ్చినట్టు అరుస్తూ అసలువాడొచ్చాడు. నేను నోరు తెరిచేలోపే అవ్వ లెంపలేసుకుంది.

“ఈపొద్దు వచ్చినాడప్పా నిజమైనోడు.”

“మరి ఇన్నాళ్ళూ వచ్చినోడు?”

“వాడు గుర్రం మాదిరి సకిలిస్తాండె. నా కండ్లు పోయినాయి గానీ చెవులు యాడికి పోయినాయప్పా?”

“తెలిసీ ఏంటికి తింటివవ్వా?”

“నేను తినకుంటే నువ్వు తింటాంటివా? సాల్లే, విస్తరెయ్.”

ఇప్పుడా గట్టున తుమ్మలు లేవు, అవ్వా లేదు. నాకూ చూపు మసకబారింది, ఇంట్లో నేనొక్కణ్ణే. మొన్న ఆ సకిలింపు విని కిందికొచ్చి, చల్లారిన అన్నం ముందు చాలాసేపు చెవులు రిక్కించి కూర్చున్నాను. “వచ్చినాడు, తిను” అని నాతో ఒక్క అబద్ధమాడే మనిషి కోసం.