చాలు అనాల్సిన మనిషి

ఆదోనిలో పిల్లల పలువరుస సరిచేసే డాక్టరమ్మ పోయిన నెల చనిపోయింది. వారానికోసారి వెళ్ళే ఎమ్మిగనూరు క్లినిక్‌లో పని ముగించి, చేతులు కడుక్కుంటూ కూలిపోయింది. ఆమె నా భార్య.

పెళ్ళిపంక్తిలో కూర్చున్నా ఎదుటి పిల్లలు నమిలే తీరు చూస్తూ తన విస్తరి మరిచిపోయేది. తొందరపడేవాళ్ళంటే ఆమెకు భయం. ఎముక మెల్లగా జరగాలి అనేది.

ఎమ్మిగనూరు పక్క పల్లె నుంచి ఒక పాప వచ్చేది. పై దవడ ఇరుకు. నోరు మూస్తే కింది పళ్ళు పై పళ్ళను దాటి బయటికి వచ్చేవి. వెంట వచ్చిన అవ్వ, "పండ్లు వంకరైనా తిట్లు మాత్రం సక్కగా వస్తాయమ్మా దీనికి" అంది.

"తిట్లు మాన్పించేది నా చేత కాదవ్వా. రొట్టె నమిలేది చూస్తా" అంది ఈమె.

అంగిట్లో ప్లేటు పెట్టింది. దాని మధ్యలో చిన్న మర. సూదిలాంటి తాళంచెవితో తల్లి వారానికొకసారి తిప్పితే దవడ వెంట్రుకవాసి వెడల్పవుతుంది. "పాప ఏడ్చిందని ఆపొద్దు. నేను చాలు అంటేనే ఆపు" అని తల్లికి చెప్పింది.

వానలు లేని ఏడు మా వైపు పల్లెలు సుగ్గికి పోతాయి. అంటే మిరపకోతలకు, గుంటూరు వైపు, పిల్లలతో సహా. వాళ్ళు లారీ ఎక్కకముందే ఆమె తల్లులను పిలిపించి, కొంగున ముడేసుకున్న తాళంచెవులు తీసేసుకునేది. "చూసే కన్ను లేనిచోట మర తిరగకూడదు" అనేది. ఈ ఏడు అవి తీసుకోకముందే పోయింది.

కర్మలయ్యాక నేనే అందరికీ ఫోన్ చేశాను. మిగతావాళ్ళు ఆపేశారు. ఈ పాప తల్లి ఆలస్యంగా దొరికింది.

"ఇంకా తిప్పుతున్నావా అమ్మా?"

"తిప్పుతాండా సార్. నోరు గుంజుతాండాదని ఏడుస్తాది. అమ్మ సాలు అనలేదు గదా."

"ఆపెయ్. ఆమె లేదు."

"సరిగ్గా ఇనపడల్యా సార్... యాడికి పోయినాది అమ్మ?"

లైన్ తెగింది. అప్పటినుంచి స్విచాఫ్. వాళ్ళను తీసుకుపోయిన మేస్త్రీ ఫోనూ అంతే. దవడ మరీ వెడల్పయితే పై పళ్ళు కింది పళ్ళను దాటి బయటికి పోతాయి, ఇక నమలడానికి ఆనవు అన్నారు కర్నూలు డాక్టరు.

గుంటూరు వైపు ఇది చదివేవారెవరికైనా ఆ పాప కనబడితే, డాక్టరమ్మ చాలు అన్నదని చెప్పండి.

కళ్ళు మూసుకుంటే నేను చూడని ఏదో మిరపచేను గట్టే కనిపిస్తోంది. పాప ఎండకేసి నోరు తెరుచుకుని కూర్చుంది. తల్లి కారం అంటిన వేళ్ళు చీరకు తుడుచుకుని, కొంగు ముడి విప్పుతోంది.